గాలిమోటరు నుంచి దర్యాప్తు నివేదిక దాకా: హెలికాప్టర్ నియంత్రణ సూత్రాలు – నల్లమల దుర్ఘటన చరిత్ర రచన

వ్యాససంగ్రహం

2009 సెప్టెంబరు 2న నల్లమలలో జరిగిన హెలికాప్టర్ దుర్ఘటన ఆధునిక ఆంధ్ర, తెలంగాణ రాజకీయ చరిత్రలో మలుపుగా నమోదయింది. అయితే దాని కారణాలను చర్చించే తెలుగు రచనల్లో యంత్రం ఎలా ఎగురుతుంది, ఎలా అదుపులో ఉంటుంది అన్న చర్చ దాదాపు కనిపించదు. హెలికాప్టర్ గతిసూత్రాల చారిత్రక పరిణామాన్ని వివరించి, ఆ వెలుగులో దర్యాప్తు నివేదికను ఒక ప్రాథమిక ఆకరంగా చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: హెలికాప్టర్, రోటర్, కలెక్టివ్, సైక్లిక్, నల్లమల, పాలమూరు, దర్యాప్తు నివేదిక, వదంతి

1. ప్రవేశిక

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి వనపర్తి జిల్లా పెద్దమందడి వంటి మండలాల్లో, పాత తరం వారు ఆకాశంలో పోయే ప్రతి యంత్రాన్నీ 'గాలిమోటరు' అన్నారు. విమానమైనా గాలిమోటరే, హెలికాప్టరైనా గాలిమోటరే. ఈ పదంలో మోటరుకు దక్కిన ప్రాధాన్యం గమనించదగినది. గాలిలో ఉన్నదాన్ని మోటరే నిలబెడుతున్నదని, మోటరు ఆగితే అది రాయిలా పడిపోతుందని ఈ పేరు వెనుక ఒక ఊహ ఉన్నది. ఆ ఊహ విమానం విషయంలోనూ పూర్తిగా నిజం కాదు, హెలికాప్టర్ విషయంలో మరీ కాదు. అయినా 2009 తర్వాత వెలువడిన పత్రికా వ్యాసాలు, స్మృతి సంచికలు, కొన్ని పరిశోధన పత్రాలు సైతం ఈ ఊహ మీదనే నడిచాయి: యంత్రం చెడింది కాబట్టి కూలింది, లేదా ఎవరో చెడగొట్టారు కాబట్టి కూలింది. యంత్రం చెడకుండానే అదుపు తప్పవచ్చునన్న మూడవ మార్గం ఈ ఆలోచనలో ఇమడలేదు.

హైదరాబాదు బేగంపేట నుంచి చిత్తూరు వైపు నేరుగా గీసిన గీత పాలమూరు తూర్పు అంచు మీదుగా, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కుగా పోయి కృష్ణను దాటుతుంది. పెద్దమందడికి అది యాభై అరవై కిలోమీటర్ల తూర్పున ఉంటుంది. కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ అడవి, దక్షిణాన ఆత్మకూరు అడవి, రెండూ నల్లమలే. కాబట్టి ఈ దుర్ఘటన కర్నూలు చరిత్రకు ఎంత చెందినదో నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంత చరిత్రకూ అంతే చెందినది.

2. తిరిగే రెక్క: ఒక చిక్కు, దాని పరిష్కారం

హెలికాప్టర్ చరిత్రను పదిహేనవ శతాబ్దపు లియొనార్డో డావించి గాలి మర చిత్రంతో మొదలుపెట్టడం పరిపాటి. ఆ చిత్రానికీ నేటి యంత్రానికీ మధ్య సూత్రపరమైన సంబంధం స్వల్పం కనుక దానిని పక్కన పెట్టవచ్చు. అసలు కథ 1907లో ఫ్రాన్సులో మొదలవుతుంది. ఆ ఏడాది బ్రెగే సోదరులు, ప్రొఫెసర్ రిషే నిర్మించిన యంత్రం నేల నుంచి లేచింది కాని దానిని నిలబెట్టడానికి మనుషులు చుట్టూ పట్టుకోవలసి వచ్చింది. నవంబరు 13న పాల్ కోర్ను యంత్రం కొన్ని క్షణాలు స్వేచ్ఛగా లేచింది. పైకి లేవడం సాధ్యమేనని వీరు చూపారు. లేచినదాన్ని ఎటు పోవాలో చెప్పి నడిపించడం ఇద్దరికీ సాధ్యం కాలేదు. హెలికాప్టర్ చరిత్రలో తర్వాతి ముప్పై ఏళ్ళు శక్తి కోసం కాక అదుపు కోసం జరిగిన వెతుకులాట అని చెప్పడం అతిశయోక్తి కాదు.

చిక్కు ఇది. విమానం రెక్క ముందుకు పోతేనే దాని మీదుగా గాలి ప్రవహించి పైకెత్తే బలం పుడుతుంది. హెలికాప్టర్‌లో రెక్కలే తిరుగుతాయి కనుక యంత్రం కదలకున్నా ఆ బలం పుడుతుంది. కాని యంత్రం ముందుకు సాగడం మొదలుపెట్టగానే సమతౌల్యం చెడుతుంది. ఒకవైపు రెక్క ప్రయాణ దిశలోనే తిరుగుతుంది కనుక దానికి ఎదురుగాలి ఎక్కువ. మరోవైపు రెక్క వెనుకకు తిరుగుతుంది కనుక దానికి గాలి తక్కువ. ఒకవైపు ఎక్కువ బలం, మరోవైపు తక్కువ బలం ఉంటే యంత్రం ఒరిగి బోల్తా పడాలి. నిజంగానే పడేది. స్పెయిన్ దేశపు ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తొలి యంత్రాలు ఇలాగే ఒరిగిపోయాయి. అయితే వంగే పుల్లలతో చేసిన ఆయన చిన్న నమూనాలు చక్కగా ఎగిరేవి. బిగుతుగా ఉన్న పెద్ద రెక్క పడిపోతుంటే వంగే చిన్న రెక్క ఎందుకు పడడం లేదన్న ప్రశ్న నుంచి ఆయనకు పరిష్కారం దొరికింది. రెక్క మొదట్లో ఒక మడత కీలు పెట్టి, రెక్క తనంతట తాను పైకీ కిందికీ ఊగే వీలు కల్పించాడు. గాలి ఎక్కువ తగిలిన రెక్క పైకి లేస్తుంది. లేస్తున్నప్పుడు గాలితో అది చేసే కోణం తగ్గి, బలమూ తగ్గుతుంది. తక్కువ తగిలినది కిందికి దిగుతుంది. దాని కోణం పెరుగుతుంది. రెండు వైపులా బలం సమమవుతుంది. 1923 జనవరిలో ఆయన సి-4 యంత్రం ఈ కీలుతోనే విజయవంతంగా ఎగిరింది.

సియెర్వా చేసినది హెలికాప్టర్ కాదు, ఆటోజైరో. దాని రోటర్‌కు ఇంజన్ శక్తి అందదు. మన పిల్లలు తాటాకు గిరకను పట్టుకొని పరుగెత్తితే అది తిరిగినట్లు, ఎదురుగాలికి దానంతటదే తిరుగుతుంది. ఈ ధర్మమే నేటి హెలికాప్టర్‌కు ప్రాణరక్షణ. ఇంజన్ ఆగినప్పుడు పైలట్ రెక్కల కోణం తగ్గించి కిందికి దిగుతుంటే, కింది నుంచి వచ్చే గాలి రోటర్‌ను తిప్పుతూ ఉంటుంది. నేల దగ్గరికి రాగానే కోణం పెంచి ఆ తిరుగుడులో దాచుకొన్న శక్తితో మెల్లగా దింపవచ్చు. మోటరు ఆగితే గాలిమోటరు రాయిలా పడదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. సియెర్వా మాత్రం 1936 డిసెంబరులో లండన్ సమీపంలోని క్రోయ్‌డన్‌లో మామూలు ప్రయాణికుల విమానం కూలి మరణించాడు.

3. మూడు మీటలు

1935లో బ్రెగే–దొరాన్, 1936లో జర్మనీ వారి ఫోకె-వుల్ఫ్ 61 యంత్రాలు అదుపులో ఎగిరాయి. ఇగోర్ సికోర్‌స్కీ అమెరికాలో నిర్మించిన విఎస్-300 యంత్రం 1939 సెప్టెంబరు 14న తాళ్ళతో కట్టివుండగా లేచింది. 1940 మే 13న స్వేచ్ఛగా ఎగిరింది. పైన ఒక పెద్ద రోటర్, తోకకు ఒక చిన్న రోటర్ అన్న నేటి రూపం దీనితో స్థిరపడింది. ఇందులో పైలట్ చేతిలో, కాళ్ళ కింద మూడు నియంత్రణలు ఉంటాయి.

ఎడమ చేతి దగ్గర కలెక్టివ్ మీట. దానిని పైకి లాగితే అన్ని రెక్కల కోణం ఒకేసారి, ఒకే మేరకు పెరిగి మొత్తం బలం పెరుగుతుంది. కుడి చేతిలో సైక్లిక్ కడ్డీ. దానిని వంచితే ఒక్కొక్క రెక్క కోణం అది చుట్టులో ఉన్న చోటును బట్టి మారుతుంది. రోటర్ పళ్ళెం మొత్తంగా ఒక పక్కకు ఒరుగుతుంది, యంత్రం అటు సాగుతుంది. తిరగని కడ్డీల కదలికను తిరిగే రెక్కలకు అందించేది స్వాష్‌ప్లేట్. దీని తొలి రూపకల్పనల్లో 1911 నాటి రష్యన్ విద్యార్థి బోరిస్ యూరియెవ్ ఆలోచన ముఖ్యమైనది. తిరిగే బొంగరాన్ని ఒక పక్కన తాకితే అది అటు కాక దాదాపు తొంభై డిగ్రీల అవతల ఒరిగినట్లే రోటర్ కూడా ప్రవర్తిస్తుంది. అందుకని ముందుకు వంగవలసిన రెక్కకు ఆదేశం పావు చుట్టు ముందే అందేటట్లు కడ్డీలను అమరుస్తారు. మూడవది కాళ్ళ కింది పెడళ్ళు. ఇంజన్ రోటర్‌ను ఒక దిక్కుకు తిప్పితే న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం యంత్రపు ఒళ్ళు ఎదురు దిక్కుకు తిరగబోతుంది. తోక రోటర్ దానిని ఆపుతుంది. పెడళ్ళు ఆ తోక రెక్కల కోణాన్ని మారుస్తాయి.

ఈ మూడూ వేటికవి పనిచేసేవి కావు. కలెక్టివ్ లాగితే ఇంజన్ మీద భారం పెరిగి ఒళ్ళు తిరగబోతుంది, అప్పుడు పెడల్ నొక్కాలి. తోక బలం మారితే యంత్రం పక్కకు జారుతుంది, అప్పుడు సైక్లిక్ సర్దాలి. రెండు చేతులు, రెండు కాళ్ళు నిరంతరం సర్దుకొంటూనే ఉండాలి. ఏ పెడల్ నొక్కాలన్నది కూడా రోటర్ తిరిగే దిక్కును బట్టి మారుతుంది. అమెరికా బెల్ యంత్రాల రోటర్ పై నుంచి చూస్తే అపసవ్య దిశలో తిరుగుతుంది. ఫ్రెంచి అలుయెట్-3కు లైసెన్సు పొంది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన చేతక్ రోటర్ సవ్య దిశలో తిరుగుతుంది. హైదరాబాదు శివార్లలోని హకీంపేట వైమానిక స్థావరంలో సైనిక పైలట్లకు హెలికాప్టర్ శిక్షణ ఇచ్చే పాఠశాల ఉన్నది. అక్కడ తరాల పాటు చేతక్ మీద శిక్షణ సాగింది. చేతక్ మీద కుడికాలికి అలవాటైన పని బెల్ యంత్రంలో ఎడమకాలికి మారుతుంది. ఇది ఏ ప్రమాదానికో కారణమని చెప్పడం లేదు. నియంత్రణ అనేది యంత్రంలో ఉన్నంతగా మనిషి ఒంటి అలవాటులోనూ ఉంటుందని మాత్రమే ఇక్కడ చెప్పదలచినది.

4. కైకలూరు, 2002

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న బెల్-206 హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో చేపల చెరువులో కూలి ఆయన మరణించారు. బెల్-206 రోటర్‌కు రెండే రెక్కలు. తూగుడుబల్లలా ఒకటి లేస్తే మరొకటి దిగుతుంది. సియెర్వా కీలుకు ఆర్థర్ యంగ్ ఇచ్చిన సరళ రూపమే ఇది. 1946లో పౌర వినియోగానికి అనుమతి పొందిన బెల్-47లో ఇదే ఉన్నది. ఆ ఉదయం వెలుతురు, దృశ్యత బాగా లేవు. దిగువన వరుసగా చెరువులున్న ఆ లంక నేలలో, మబ్బులో, నీటి ఉపరితలం ఎంత దూరంలో ఉన్నదో కంటితో అంచనా వేయడం కష్టం. అక్కడి నుంచి ఏడేళ్ళకు జరిగిన దానితో పోల్చడానికి ఈ ప్రస్తావన చాలు.

5. 2009 సెప్టెంబరు 2

ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమం ప్రారంభించడానికి చిత్తూరు జిల్లా అనుపల్లికి బేగంపేట నుంచి ఉదయం 8.38కి బయలుదేరారు. రాష్ట్ర ప్రభుత్వ హెలికాప్టర్ బెల్-430లో ఆయనతో పాటు ప్రత్యేక కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు ఉన్నారు. తొమ్మిదిన్నర ప్రాంతం నుంచి యంత్రంతో సంబంధం లేదు. వైమానిక దళ హెలికాప్టర్లు, సుఖోయ్-30 విమానం, ఇస్రో విమానం, కేంద్ర బలగాలు వెతికాయి; అడవి దారులు తెలిసిన చెంచుల సాయమూ తీసుకొన్నారు. మరునాటి ఉదయం ఆత్మకూరు అడవిలో, పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఐదుగురూ మరణించారు.

బెల్-430 ఆనాటికి పాతబడిన నమూనా కాదు. 1994లో తొలిసారి ఎగిరింది. రెండు ఇంజన్లు, నాలుగు రెక్కలు, సుమారు 12.8 మీటర్ల రోటర్ వ్యాసం. దీని రోటర్‌కు సియెర్వా పెట్టినటువంటి మడత కీలు లేదు; నారలతో చేసిన మిశ్రమ పదార్థం తానే వంగి కీలు పని చేస్తుంది. 1920లలో వంగే పుల్లల నమూనా ఎగిరి బిగుతు రెక్క ఎందుకు పడిందన్న ప్రశ్నకు డెబ్బై ఏళ్ళ తర్వాత యంత్రశాస్త్రం మళ్ళీ వంగే రెక్కతోనే సమాధానం చెప్పింది.

ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన దర్యాప్తు సంఘం నివేదికలో మూడు అంశాలు చరిత్రకారునికి కీలకం. ఒకటి, ట్రాన్స్‌మిషన్ నూనె పీడనానికి సంబంధించిన హెచ్చరిక మీద పైలట్లు ఆరు నిమిషాలకు పైగా చర్చిస్తూ, అత్యవసర సూచనల పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయారు. దానితో వాతావరణం నుంచి దారి మళ్ళడం మీద దృష్టి తప్పింది. రెండు, యంత్రంలో ఉన్న రాడార్ తెర మీద కనిపించిన మేఘాల తీవ్రతను వారు తక్కువగా అంచనా వేశారు. భారీ వర్షం తొలిసారి ఎదురైనప్పుడు వెనుదిరిగే ఆలోచన చేయలేదు. మూడు, తీవ్రమైన అధోవాయు ప్రవాహంలో చిక్కి యంత్రం అదుపు తప్పి, నిమిషానికి 10,000 అడుగులకు మించిన వేగంతో కిందికి పోయింది. విద్రోహానికి ఆధారం దొరకలేదు.

మొదటి అంశాన్ని చదివి పైలట్లను తప్పుపట్టడం సులభం. అయితే ట్రాన్స్‌మిషన్ అంటే ఏమిటో తెలిసిన వారికి ఆ ఆరు నిమిషాలు అర్థమవుతాయి. ఇంజన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. రోటర్ తిరగవలసినది వందల్లో మాత్రమే. మధ్యలో వేగాన్ని తగ్గించి శక్తిని అందించే పళ్ళచక్రాల పెట్టె ట్రాన్స్‌మిషన్. ఇంజన్లు రెండున్నా ట్రాన్స్‌మిషన్ ఒక్కటే. ఇంజన్ ఆగితే రోటర్ గాలికి తిరుగుతుంది గాని ట్రాన్స్‌మిషన్ బిగుసుకుపోతే రోటరే ఆగిపోతుంది. అప్పుడు సియెర్వా గిరక కూడా కాపాడలేదు. నూనె పీడనం పడిపోవడం ఆ బిగుసుకుపోవడానికి తొలి సూచన కావచ్చు. నిజమైన ప్రమాదమో, సూచిక దీపపు పొరపాటో తేల్చుకోవాలన్న ఆత్రుత సహజం. తప్పు ఆ ప్రశ్న వేసుకోవడంలో లేదు. ఇద్దరూ ఒకే ప్రశ్నలో మునగడంలో ఉన్నది. గంటకు 240 కిలోమీటర్ల వేగమనుకొన్నా ఆరు నిమిషాల్లో యంత్రం 24 కిలోమీటర్లు సాగుతుంది. మేఘం అంతసేపు ఆగి ఉండదు.

మూడవ అంశంలోని రెండు మాటలను, 'అధోవాయు ప్రవాహం', 'అదుపు తప్పడం', విడదీయకుండా చదవాలి. క్యుములోనింబస్ మేఘంలో వానతో, చల్లబడిన గాలితో పాటు ఒక గాలి స్తంభం కిందికి దూకుతుంది. అందులోకి ప్రవేశించిన రోటర్‌కు గాలి పై నుంచి తగులుతుంది. రెక్క గాలితో చేసే కోణం తగ్గుతుంది, పైకెత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. పైలట్ కలెక్టివ్ లాగి కోణం తిరిగి పెంచవచ్చు, ఇంజన్ శక్తి అనుమతించినంత మేరకు. గాలి స్తంభం కిందికి పోతుంటే యంత్రమూ దానితో పోతుంది. ఇంతవరకు అది అధోవాయువు పని. అయితే నిమిషానికి 10,000 అడుగులంటే సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. పది సెకన్లలో అర కిలోమీటరు. ఉరుముల మేఘాల్లో అధోవాయువు వేగం సాధారణంగా సెకనుకు పది ఇరవై మీటర్లు. మిగిలిన వేగం ఎక్కడి నుంచి వచ్చింది? యంత్రం ముక్కు కిందికి వాలి, రోటర్ బలం పైకి కాక పక్కకో ముందుకో మళ్ళినప్పుడే అంత వేగం సాధ్యమని ఈ వ్యాసకర్త భావన. హెలికాప్టర్ సహజంగా స్థిరమైన యంత్రం కాదు. మబ్బులో క్షితిజం కనిపించనప్పుడు, చెవిలోని సమతౌల్య భావన మోసగించినప్పుడు, నాలుగు అవయవాలు చేసే సర్దుబాటుకు ఆధారం పోతుంది. కొందరు దీనిని రోటర్ తన కింది సుడిలో తానే దిగబడే స్థితిగా వివరించబోయారు. ఆ స్థితి రావాలంటే ముందుకు పోయే వేగం బాగా తక్కువగా ఉండాలి; ప్రయాణ వేగంలో ఉన్న యంత్రానికి అది వర్తించదు.

శబ్ద నమోదు పెట్టెలో చివర వినిపించిన మాట సహపైలట్ పదేపదే అన్న 'గో అరౌండ్'. సాధారణంగా దిగబోతూ విరమించి మళ్ళీ పైకి లేవడానికి వాడే ఆదేశం అది. అక్కడ దిగే ప్రయత్నం లేదు. పైకి లాగమనడానికి ఆ క్షణంలో నోటికి వచ్చిన వృత్తి భాష అది. రాజకీయ చరిత్ర గ్రంథాల్లో ఈ మాటను 'వెనక్కి తిప్పు' అని అనువదించినచోట్ల అర్థం మారిపోయింది: పైలట్లకు ముందే ప్రమాదం తెలుసునని, ఎవరో వద్దన్నా పోయారని ధ్వనిస్తుంది. ఒక మీట ఏమి చేస్తుందో తెలియకపోవడం వల్ల ఒక ఆకరం ఇలా వక్రమవుతుంది.

6. వదంతి

2010 జనవరి మొదటి వారంలో ఒక విదేశీ వెబ్‌సైటులోని ఆధారం లేని రాతను తెలుగు టీవీ వార్తలు ప్రసారం చేయగా, ఒక వ్యాపార సంస్థ దుకాణాల మీద రాష్ట్రమంతటా దాడులు జరిగాయి. అప్పటికి 2009 డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటనతో రాష్ట్రం ఉద్రిక్తంగా ఉన్నది. వదంతికి బలం దాని వివరాల్లో లేదు. మహానాయకుని మరణానికి తగినంత పెద్ద కారణం కావాలన్న కోరికలో ఉన్నది. ఒక సూచిక దీపం, ఒక పుస్తకంలో దొరకని పుట, ఒక వాన మేఘం అంత పెద్ద పర్యవసానానికి చాలవనిపిస్తుంది. చరిత్రలో కారణానికీ ఫలితానికీ పరిమాణం సరిపోలనవసరం లేదని పరిశోధకులకు తెలియనిది కాదు. అయినా ఈ ఒక్క సంఘటన విషయంలో ఆ వివేకాన్ని పక్కనపెట్టి, 'అనుమానాలు నేటికీ వీడలేదు' అన్న వాక్యంతో అధ్యాయం ముగించడం ఆచారమైపోయింది. ఏ అనుమానం, నివేదికలోని ఏ నిర్ధారణ మీద, ఏ సాంకేతిక కారణంతో అన్నది చెప్పనిదే ఆ వాక్యానికి పరిశోధనలో చోటు ఉండరాదు.

7. నెల తర్వాత

దుర్ఘటనకు సరిగ్గా నెలకు, 2009 అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు పట్టణాన్ని ముంచాయి. శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోని అలంపురం, దాని చుట్టుపక్కల ఊళ్ళు నీటిలో చిక్కాయి. రోడ్లు తెగిపోగా వైమానిక దళ హెలికాప్టర్లు ఆహారపొట్లాలు, నీళ్ళ పొట్లాలు జారవిడిచాయి. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తెలుగునాట హెలికాప్టర్‌కు ఏర్పడిన రూపం ఇదే: పై నుంచి పొట్లాలు వేసేది.

ఆ పని గాలిశాస్త్రపరంగా ప్రయాణం కన్నా కష్టం. ముందుకు సాగే రోటర్‌కు కొత్త గాలి నిరంతరం అందుతుంది కనుక తక్కువ శక్తి చాలు. ఒకేచోట నిలిచిన రోటర్ తాను కిందికి తోసిన గాలిలోనే పనిచేయాలి కనుక ఎక్కువ శక్తి కావాలి. నేలకు దగ్గరగా ఉంటే కిందికి పోయే గాలికి నేల అడ్డుపడి కొంత ఊరట దొరుకుతుంది. మిద్దె అంచున నిలిచినప్పుడు రోటర్ కింద సగం మిద్దె, సగం వరద నీరు ఉంటే ఆ ఊరట ఒకవైపే దొరికి యంత్రం ఒరగబోతుంది. పైలట్ సైక్లిక్‌తో సర్దుతూ ఉండాలి. పొట్లాల బస్తా ఒక తలుపు నుంచి పోగానే బరువు తగ్గి యంత్రం లేవబోతుంది. కలెక్టివ్ దించాలి, దానితో పెడల్ సర్దాలి. రోటర్ గాలికి రేకులు, గడ్డివాములు లేచిపోకుండా ఎత్తు చూసుకోవాలి.

అలంపురం వరదను రాసినవారు క్యూసెక్కులను, కూలిన ఇళ్ళను, ఆలయ ప్రాంగణంలో నిలిచిన నీటిని లెక్కించారు. ఏ రోజు, ఏ ఊరి మీదికి, ఎంత బరువుతో, ఎన్నిసార్లు హెలికాప్టర్లు వచ్చాయన్నది వైమానిక దళ విహార పట్టికల్లోను, అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు కలెక్టరేట్ల సహాయక చర్యల దస్త్రాల్లోను వెతకవలసినది. వాటిని చదివేవారికి బరువు, ఎత్తు, ఉష్ణోగ్రత, ఇంధనం అన్న నాలుగు అంకెల మధ్య సంబంధం తెలిసి ఉంటే, ఒక ఊరికి పొట్లాలు ఎందుకు ఆలస్యంగా అందాయో, మరో ఊరికి మనుషులను ఎక్కించుకోకుండా పొట్లాలే ఎందుకు వేసి పోయారో ఆ పట్టికల నుంచే తేలుతుంది.